డిస్కు ఇక్కడ, కాపీ వందల కిలోమీటర్ల అవతల: స్టోరేజ్ నెట్‌వర్క్‌ను దూరం తీసుకెళ్లిన నా అనుభవం

మా దగ్గర రెండు స్టోరేజ్ అర్రేలు ఉండేవి, అంటే ఎన్నో డిస్కులను ఒకటిగా చేసి సర్వర్లకు ఇచ్చే పెద్ద పెట్టెలు. ఒకే ఆవరణలో, ఎదురెదురు భవనాల్లో. ఇటు రాసిన ప్రతి బ్లాకూ అటు కూడా పడ్డాకే అప్లికేషన్‌కు జవాబు వెళ్లేది. కాగితాల మీద దాని పేరు డిజాస్టర్ రికవరీ. ఒక కంట్రోలర్ పోయినా, ఆఖరికి ఒక గది మొత్తం పోయినా పని ఆగేది కాదు, అది నిజమే. కానీ రెండు భవనాలకూ కరెంటు వచ్చేది ఒకే సబ్‌స్టేషన్ నుంచి. ఫైబర్ వచ్చేది ఒకే దారిలో. ఒక భవనంలోకి నీళ్లొస్తే రెండోదాంట్లోకీ వస్తాయి.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ డేటా సెంటర్ తగలబడ్డప్పుడు ఈ విషయం మా పై అధికారులకు నేను చెప్పకుండానే అర్థమైంది. అక్కడ ఎస్‌బీజీ2 అనే భవనం పూర్తిగా కాలిపోయింది. పక్కనున్న ఎస్‌బీజీ1లో కొంత భాగం దెబ్బతింది. మంటలు అంటని మిగతా రెండు భవనాలను కూడా ఆపేయాల్సి వచ్చింది. ఒకే ఆవరణలో ఎన్ని భవనాలున్నా, విపత్తు దృష్టిలో అది ఒకే చోటు. ఆ వార్త చూశాక మా దగ్గర ఏళ్ల తరబడి నానుతున్న ఫైలు కదిలింది. కాపీని దూరం పంపాలి అన్నారు. ఆ పని నాకు అప్పజెప్పారు.

ఎంత దూరం అన్నది మొదటి ప్రశ్న. దీనికి అందరూ ఒప్పుకున్న అంకె అంటూ ఏదీ లేదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో ఫెడరల్ రిజర్వ్, ఓసీసీ (బ్యాంకుల నియంత్రణ సంస్థ), ఎస్ఈసీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) కలిసి ఆర్థిక సంస్థల కోసం 2003 ఏప్రిల్‌లో ఒక పత్రం విడుదల చేశాయి. అందులో కూడా కనీస దూరం ఇంత అని పెట్టలేదు. రవాణా, టెలికాం, నీరు, కరెంటు విషయంలో రెండు చోట్లూ ఒకే ఏర్పాట్ల మీద ఆధారపడకూడదు అని చెప్పి వదిలేశారు. నాకైతే కిలోమీటర్ల లెక్క కన్నా ఇదే మంచి కొలత అనిపించింది. మేం కూడా మ్యాపు మీద స్కేలు పెట్టకుండా, మా కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది, మా నది ఎటు పొంగుతుంది, మా ఫైబర్ ఏ రోడ్డు పక్కన పోతోంది అని చూసుకుంటూ వెళ్లాం.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. విపత్తు నుంచి దూరంగా జరగాలంటే కాపీ దూరంగా ఉండాలి. కాపీ దూరంగా ఉంటే ప్రతి రాతా ఆలస్యమవుతుంది. కాంతి శూన్యంలో సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది, గాజు తీగలో మాత్రం సుమారు రెండు లక్షలే. అంటే కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు, రానుపోను 10. వంద కిలోమీటర్లకు రానుపోను ఒక మిల్లీసెకను. ఎంత ఖరీదైన స్విచ్ కొన్నా, ఎంత లావు లైను తీసుకున్నా ఈ అంకె తగ్గదు. మీటింగుల్లో చాలాసార్లు ‘పెద్ద లైను తీసుకుందాం, సరిపోతుంది కదా’ అన్నారు. పెద్ద లైనులో ఒకేసారి ఎక్కువ డేటా పోతుంది, అంతే. మొదటి బైటు అవతలికి చేరే సమయం మారదు.

కాబట్టి ఈ దూరాన్ని ఎవరో ఒకరు మోయాలి. అప్లికేషన్ మోస్తే అది సింక్రనస్: అవతలి డిస్కు జవాబు వచ్చేదాకా డేటాబేస్ ఆగుతుంది, ఏమీ పోదు. డేటా మోస్తే అది అసింక్రనస్: డేటాబేస్ ఆగదు, కానీ భవనం పోయిన క్షణంలో దారిలో ఉన్నదంతా పోతుంది. ఈ పని మొత్తంలో నేను నిలబడి వాదించింది ఈ ఒక్క విషయం మీదే. ఎవరు మోయాలో నిర్ణయించాల్సింది స్టోరేజ్ వాళ్లు కాదు, ఆ డేటాతో వ్యాపారం చేసేవాళ్లు.

ఒక్కో విభాగం అధిపతినీ కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడిగాను. ఎంతసేపటి డేటా పోతే తట్టుకోగలరు? ఎంతసేపట్లో మళ్లీ పని మొదలవ్వాలి? మా భాషలో మొదటిది ఆర్‌పీవో, రెండోది ఆర్‌టీవో. మొదటి రౌండులో అందరూ ‘ఒక్క ఎంట్రీ కూడా పోకూడదు, ఐదు నిమిషాల్లో లేవాలి’ అన్నారు. అది సహజమే. దానికయ్యే ఖర్చూ, ప్రతి ఎంట్రీకి పెరిగే ఆలస్యమూ పక్కన రాసి మళ్లీ చూపిస్తే మాట మారింది. చెల్లింపుల విభాగం మేడమ్ మాత్రం మారలేదు. “కస్టమర్‌కు డబ్బు జమైందని మెసేజ్ వెళ్లిపోయాక ఆ ఎంట్రీ మా దగ్గర లేకపోతే నేనేం సమాధానం చెప్పాలండీ?” అన్నారు. ఆవిడ చెప్పింది న్యాయం. ఆ డేటాబేస్ సింక్రనస్‌కు వెళ్లింది. రిపోర్టులు, పాత పత్రాల స్కాన్ కాపీలు, మెయిల్ లాంటివి పదిహేను నిమిషాల ఆర్‌పీవోతో అసింక్రనస్‌కు వెళ్లాయి.

అలా చివరికి మూడు చోట్లు తేలాయి. మా ప్రధాన కేంద్రం. ఫైబర్ దారిలో 84 కిలోమీటర్ల దూరంలో ఒక దగ్గరి కేంద్రం, అక్కడికి సింక్రనస్. దాదాపు ఏడు వందల కిలోమీటర్ల అవతల, వేరే నదీ పరీవాహకంలో, వేరే కరెంటు వ్యవస్థ మీద ఒక దూరపు కేంద్రం, అక్కడికి అసింక్రనస్.

లైన్లకు టెండర్ పిలవకముందే రాతల వేగం కొలిచాం. ఇది చేయకుండా లైను సైజు ఎవరు చెప్పినా నమ్మకండి. సగటు చూస్తే సెకనుకు 35 ఎంబీ దగ్గర ఉంది. నెలాఖరు రాత్రి మాత్రం రెండు గంటల పాటు 210 ఎంబీ దాకా లేస్తోంది. సగటు చూసి ఒక గిగాబిట్ లైను తీసుకుంటే, అందులో వాస్తవంగా పోయేది 110 ఎంబీ. ఆ రెండు గంటల్లో సెకనుకు వంద ఎంబీ చొప్పున వెనకబడతాం, అంటే పంపాల్సినవి వేచి ఉండే జర్నల్‌లో 720 జీబీ పేరుకుంటుంది. రెండో గంట ముగిసేసరికి అవతలి కాపీ దాదాపు 57 నిమిషాలు వెనక ఉంటుంది. ఆ బకాయి తీరడానికి ఇంకో రెండున్నర గంటలకు పైగా పడుతుంది. పదిహేను నిమిషాలని మాటిచ్చి, నెలలో అన్నిటికన్నా ముఖ్యమైన రాత్రి గంట డేటా పోగొట్టుకునే ఏర్పాటు అది.

ఆ 210 ఎంబీ ఎక్కడి నుంచి వస్తోందో తవ్వితే సగం దాకా అవతలికి పంపాల్సిన అవసరమే లేని సరుకు. డేటాబేస్ టెంపరరీ ఫైళ్లు, సర్వర్ల స్వాప్, డిస్కు మీదే తీసి రేపు చెరిపేసే ఎక్స్‌పోర్ట్ ఫైళ్లు. వాటిని వేరే లన్‌ల (అర్రే సర్వర్‌కు ఒక్కో డిస్కులా చూపించే భాగాలు) మీదికి మార్చి రెప్లికేషన్ నుంచి, అంటే అవతలికి కాపీ చేసే పని నుంచి తీసేశాం. ఇండెక్స్ రీబిల్డులను ఒకే రాత్రి కాకుండా విడదీశాం. అయినా లైను రెట్టింపు తీసుకున్నాం. కంప్రెషన్ ఉంది కదా, సగం అవుతుంది కదా అని అమ్మేవాళ్లు చెప్తారు. ఎన్‌క్రిప్ట్ చేసిన డేటాబేస్, ముందే కుదించిన స్కాన్ ఫైళ్లు దాదాపుగా ఏమీ తగ్గవు. మీ డేటా మీదే పరీక్షించి చూసుకోండి.

దగ్గరి కేంద్రానికి డార్క్ ఫైబర్ (కాంతి పంపే పరికరాలు మనమే పెట్టుకునే ఖాళీ ఫైబర్) అద్దెకు తీసుకుని దాని మీద డీడబ్ల్యూడీఎం పెట్టాం. ఒకే ఫైబర్ జత మీద వేర్వేరు రంగుల కాంతిలో స్టోరేజ్ కోసం వాడే ఫైబర్ ఛానల్ లింకులూ, మామూలు నెట్‌వర్క్ వాడే ఈథర్‌నెట్ లింకులూ కలిసి పోతాయి. 1550 నానోమీటర్ల దగ్గర ఫైబర్‌లో నష్టం కిలోమీటరుకు సుమారు 0.2 డీబీ. 84 కిలోమీటర్లకు 17 డీబీ దాకా, దాని మీద అతుకులూ కనెక్టర్లూ అదనం. అందుకే యాంప్లిఫయర్లు తప్పలేదు.

దారి మ్యాపు దగ్గర నేను పట్టుబట్టాను. రెండు ఫ్యాబ్రిక్‌లకు, అంటే సర్వర్లనూ స్టోరేజ్‌నూ కలిపే రెండు విడి స్విచ్‌ల వలలకు, రెండు వేర్వేరు దారులు కావాలని ఒప్పందంలో రాసుకున్నాం. ఫైబర్ ఇచ్చినవాళ్లు రెండు రంగుల గీతలతో అందమైన బొమ్మ ఇచ్చారు. నాకు బొమ్మ కాదు, కోఆర్డినేట్లు కావాలి అన్నాను. తీసుకుని వాళ్ల ఫీల్డ్ ఇంజినీరుతో కలిసి మా గేటు నుంచి నడిచాను. రెండు దారులూ ఊరి బయట బాగానే విడిపోయాయి. మా భవనానికి వచ్చే చివరి కిలోమీటరున్నరలో మాత్రం రెండు కేబుళ్లూ ఒకే డక్టులో ఉన్నాయి. మ్యాన్‌హోల్ మూత తీయించి చూస్తే రెండూ పక్కపక్కనే, ఒకే గొట్టంలోకి దూరుతూ కనిపించాయి. రోడ్డు తవ్వే యంత్రం ఒక్కసారి పంజా వేస్తే రెండు దారులూ ఒకేసారి తెగుతాయి. రెండో కేబుల్‌ను భవనం వెనక వైపు నుంచి తెప్పించుకోవడానికి పని నెలలు వెనక్కి పోయింది. మా మేనేజర్ మీద ఒత్తిడి చాలా వచ్చింది, నాకూ టెన్షన్‌గానే ఉండేది. అయినా అది లేకుండా సంతకం పెట్టనన్నాను. ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదనే అంటాను.

లైన్లు వెలిగాక మొదటి పరీక్షలో వేగం రాలేదు. 8 గిగాబిట్ లింకు మీద సెకనుకు 20 ఎంబీ కూడా దాటడం లేదు. ఎర్రర్లు లేవు, కాంతి బలంగానే ఉంది. ఇది దూరపు శాన్‌లో (స్టోరేజ్ నెట్‌వర్క్‌లో) అందరికీ ఎదురయ్యే విషయం కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఫైబర్ ఛానల్‌లో పంపేవాడు ఇష్టమొచ్చినట్టు పంపలేడు. అవతలి పోర్టు దగ్గర ఎన్ని బఫర్లు ఖాళీగా ఉన్నాయో ముందే చెప్పుకుంటారు, వాటినే బఫర్ క్రెడిట్లు అంటారు. ఒక ఫ్రేమ్ (డేటా మూట) పంపితే ఒక క్రెడిట్ తగ్గుతుంది. అవతల ఆ బఫర్ ఖాళీ అయ్యాక ఆర్‌-రెడీ అనే చిన్న సంకేతం తిరిగొస్తే మళ్లీ ఒకటి పెరుగుతుంది. క్రెడిట్లు సున్నా అయితే లైను ఖాళీగా ఉన్నా ఆగాల్సిందే.

గది లోపల ఇది తెలియదు, సంకేతం రెప్పపాటులో తిరిగొస్తుంది. 84 కిలోమీటర్లయితే తిరిగి రావడానికి 840 మైక్రోసెకన్లు. 8 గిగాబిట్ దగ్గర ఒక పూర్తి ఫ్రేమ్ తీగ మీద సుమారు అర కిలోమీటరు పొడవున ఉంటుంది. లైను ఎప్పుడూ నిండుగా ఉండాలంటే రానుపోను 168 కిలోమీటర్లకు 336 క్రెడిట్లు కావాలి. మా పోర్టు మామూలు సెట్టింగ్‌లో ఎనిమిదే ఇస్తోంది. ఎనిమిది ఫ్రేములు, ఒక్కోటి 2 కేబీ, 840 మైక్రోసెకన్లకు ఒకసారి: సెకనుకు పంతొమ్మిదిన్నర ఎంబీ. మాకు కనిపించిన అంకె సరిగ్గా అదే. లెక్కా, కొలతా అలా కలిసినప్పుడు నాకు చాలా ధైర్యం వచ్చింది, ఎందుకంటే ఇక ఊహించాల్సింది ఏమీ లేదు. స్విచ్‌లో ‘ట్రాన్స్‌మిట్ క్రెడిట్ జీరో’ అనే కౌంటర్ ఉంటుంది. పోర్టు క్రెడిట్ లేక ఎంతసేపు ఆగిందో అది చెప్తుంది. మా పోర్టులో అది కంటికి ఆనకుండా పరుగెడుతోంది.

దూరపు మోడ్‌కు లైసెన్సు వేసి క్రెడిట్లు పెంచాం. 336 పెట్టి ఊరుకోకూడదు. అన్ని ఫ్రేములూ నిండుగా ఉండవు. మా సగటు ఫ్రేమ్ దాదాపు 1 కేబీ, కాబట్టి రెట్టింపు కావాలి. పైగా ఫైబర్ తెగితే మా డీడబ్ల్యూడీఎం దానంతటది రెండో దారికి మారేలా పెట్టారు, ఆ దారి 131 కిలోమీటర్లు. అప్పుడు క్రెడిట్లు చాలవు, ఆలస్యం కూడా ఉన్నట్టుండి సగానికి పైగా పెరుగుతుంది. దీని మీద మా నెట్‌వర్క్ టీమ్‌తో చాలా చర్చ జరిగింది. చివరికి స్టోరేజ్ రంగులకు ఆ ఆటోమేటిక్ మార్పిడి తీసేశాం. ఒక ఫ్యాబ్రిక్ ఒక దారిలో, రెండోది రెండో దారిలో. ఒకటి పోతే మల్టీపాథింగ్ రెండోదాని మీద నడుపుతుంది. ఏ దారి ఎంత పొడవో ఎప్పుడూ తెలిసి ఉంటుంది. దారి మధ్యలో మారిపోయే లింకు కన్నా పడిపోయానని చెప్పే లింకు స్టోరేజ్‌కు మేలు.

కొన్ని వారాలకు ఒక లింకు మెల్లమెల్లగా మందగించడం మొదలైంది. రీసెట్ చేస్తే మామూలవుతుంది, మళ్లీ కొన్ని రోజులకు అదే తంతు. అక్కడక్కడా ఒక్కో సీఆర్‌సీ ఎర్రర్ (ఫ్రేమ్ దారిలో పాడైందని చెప్పేది) కనిపించేది. బిట్ ఎర్రర్ ఫ్రేమ్ మీద పడితే ఫ్రేమ్ పోతుంది, అది కౌంటర్‌లో కనిపిస్తుంది. ఆర్‌-రెడీ మీద పడితే క్రెడిట్ పోతుంది, ఎవరూ చెప్పరు. అలా ఒక్కోటీ పోతూ పోతూ లింకు బక్కచిక్కుతుంది. క్రెడిట్ రికవరీ అనే సౌకర్యం స్టాండర్డ్‌లోనే ఉంది, రెండు వైపులా ఆన్ చేశాం. ఎర్రర్లు ఎందుకొస్తున్నాయో వెతుకుతూ అవతలి కేంద్రంలో ప్యాచ్ ప్యానెల్ కనెక్టర్‌ను మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాం. మధ్యలో ఉండే చిన్న కోర్ అంచున నల్లటి మచ్చ, దాని పక్కనే తుడిచినప్పటి గీతలు. శుభ్రం చేసి మళ్లీ చూస్తే మచ్చ పోలేదు, అది గాజు మీద పడ్డ గాయం. ప్యాచ్ కార్డ్ మార్చాక ఎర్రర్లు ఆగిపోయాయి. అప్పటి నుంచి మా దగ్గర కనెక్టర్ పెట్టేముందు ఫొటో తీసి టికెట్‌కు జత చేయాల్సిందే.

వేగం సరే, ఆలస్యం? స్కూజీలో, అంటే సర్వర్ డిస్కుతో మాట్లాడే భాషలో, ఒక రాతకు మామూలుగా రెండు రానుపోను ప్రయాణాలుంటాయి. ‘రాస్తాను’ అని ఆదేశం వెళ్తుంది, ‘పంపు’ అని జవాబొస్తుంది. తర్వాత డేటా వెళ్తుంది, ‘అయింది’ అని జవాబొస్తుంది. 84 కిలోమీటర్లకు రెండు ప్రయాణాలంటే 1.68 మిల్లీసెకన్లు. రైట్ యాక్సిలరేషన్ పెడితే ‘పంపు’ అనే జవాబును ఇటువైపు పరికరమే ఇచ్చేస్తుంది, ఒక ప్రయాణం మిగులుతుంది. ఆఖరి ‘అయింది’ మాత్రం అవతలి నుంచే రావాలి, లేకపోతే సింక్రనస్ అనే మాటకు అర్థం లేదు. కొన్ని అర్రేలు రెప్లికేషన్‌లో ఈ పని తామే చేసుకుంటాయి, అప్పుడు స్విచ్‌లో పెట్టి లాభం లేదు. కొనేముందే అడిగి తెలుసుకోవాలి.

మా డీబీఏ (డేటాబేస్ చూసుకునే అతను) ఒక సాయంత్రం లాగ్ రైటర్ గ్రాఫ్ పట్టుకుని వచ్చాడు. “అన్నా, కమిట్‌కు ఇంతకుముందు 0.6 మిల్లీసెకన్లు పట్టేది, ఇప్పుడు 1.7. నువ్వు చెప్పిన లెక్కకు దగ్గరగానే ఉంది. పగలు ఎవరికీ తెలియట్లేదు, రాత్రి బ్యాచ్ మాత్రం బాగా లేటవుతోంది” అన్నాడు. కమిట్ అంటే రాసింది ఖాయం చేయడం. కారణం అతనికీ తెలుసు. పగలు వందల మంది యూజర్ల కమిట్లు ఒకదాని పక్కన ఒకటి నడుస్తాయి, ఒక్కోటి మిల్లీసెకను ఆగితే ఏమీ కాదు. బ్యాచ్ ప్రోగ్రామ్ మాత్రం ఒక్కో వరుసా రాసి, కమిట్ చేసి, ఆగి, తర్వాతిది మొదలుపెడుతుంది. పది లక్షల కమిట్లకు ఒక్కో మిల్లీసెకను చొప్పున పెరిగితే పదహారు నిమిషాలకు పైనే. ప్రోగ్రామ్ రాసినవాళ్లు వెయ్యి వరుసలకు ఒక కమిట్ పెట్టారు, సమస్య తీరిపోయింది. దూరం సమస్యకు మందు కొన్నిసార్లు స్టోరేజ్‌లో ఉండదు, కోడ్‌లో ఉంటుంది.

ఫ్యాబ్రిక్ గురించి. రెండు చోట్ల స్విచ్‌లను నేరుగా కలిపితే రెండూ ఒకే ఫ్యాబ్రిక్ అయిపోతాయి. చూడ్డానికి సులువు. కానీ దూరపు లింకు పడి లేచినప్పుడల్లా పెద్ద స్విచ్ ఏదో తేల్చుకునే ప్రిన్సిపల్ స్విచ్ ఎన్నిక, ఎవరు ఎవరిని చూడొచ్చో చెప్పే జోనింగ్ కలపడం, మార్పు జరిగిందని చెప్పే స్టేట్ చేంజ్ నోటిఫికేషన్లు రెండు చోట్లా తిరుగుతాయి. స్విచ్‌ల నంబర్లైన డొమైన్ ఐడీలు ఢీకొన్నా, జోన్‌సెట్‌లు సరిపోలకపోయినా లింకు సెగ్మెంట్ అవుతుంది, అంటే రెండు వైపులూ విడిపోతాయి. ఒక చోటి తప్పు రెండో చోటికి పాకే దారి మనమే వేసినట్టవుతుంది. విపత్తు కోసం కట్టే వ్యవస్థలో ఇది అసలు ఉండకూడదు. మేం ఫైబర్ ఛానల్ రూటింగ్ పెట్టి, రెప్లికేషన్ పోర్టులు మాత్రమే ఒకదానికొకటి కనిపించేలా చేశాం. రెండు చోట్ల ఫ్యాబ్రిక్‌లూ దేనికది విడిగా బతుకుతాయి. ఒక తయారీదారు దీన్ని ఎల్‌శాన్ అంటారు, ఇంకొకరు వీశాన్‌ల మధ్య రూటింగ్ అంటారు. ఏది వాడినా ఇది లేకుండా దూరం పోవద్దనే నేను చెప్తాను.

దూరపు కేంద్రానికి అంత పొడవు డార్క్ ఫైబర్ తీసుకోలేం. అక్కడికి ఎఫ్‌సీఐపీ, అంటే ఫైబర్ ఛానల్ ఫ్రేములను టీసీపీలో చుట్టి ఐపీ నెట్‌వర్క్ మీద పంపడం. 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3821లో దీని వివరాలున్నాయి. టనెల్ (అలా చుట్టి పంపే దారి) వెంటనే లేచింది, బతికే ఉన్నానని చెప్పే కీప్‌అలైవ్‌లు బాగానే తిరిగాయి. రెప్లికేషన్ మొదలుపెట్టగానే మాత్రం నిలబడిపోయేది. పింగ్ చేస్తే చక్కగా వస్తోంది, 14 మిల్లీసెకన్లు. లైను ఇచ్చినవాళ్లు మా వైపు అంతా ఓకే అంటారు. ముక్కలు చేయొద్దనే ఫ్లాగ్ పెట్టి పింగ్ సైజు పెంచుకుంటూ పోతే 1500 దగ్గర ఆగిపోయింది. ఫైబర్ ఛానల్ ఫ్రేమ్ 2148 బైట్ల దాకా ఉంటుంది కాబట్టి దారంతా జంబో ఫ్రేములు (1500 బైట్లు దాటిన పెద్ద ప్యాకెట్లు) పోతాయని మాటిచ్చారు. మధ్యలో ఒక పరికరంలో అది పెట్టలేదు, పెద్ద ప్యాకెట్‌ను పారేసి చెప్పాల్సిన ఐసీఎంపీ సందేశాన్ని ఇంకో ఫైర్‌వాల్ మింగేస్తోంది. చిన్న ప్యాకెట్లు పోతాయి కాబట్టి అన్నీ బాగున్నట్టే కనిపిస్తుంది. టనెల్ లేచిందని సంబరపడకుండా నిండు సైజు ప్యాకెట్లతోనే పరీక్షించండి.

టీసీపీకి కూడా దూరం బాధ ఉంది. ఒక గిగాబిట్ లైనునే లెక్కకు తీసుకున్నా, 14 మిల్లీసెకన్లు అంటే ఎప్పుడూ 1.75 ఎంబీ దారిలో ఉండాలి. విండో అంటే జవాబు రాకముందే పంపగలిగే మొత్తం. విండో స్కేలింగ్ (దాన్ని పెంచే పద్ధతి) లేకుండా 64 కేబీ విండోతో ఉంటే సెకనుకు 4.7 ఎంబీకి మించదు. విండో పెంచినా ప్యాకెట్లు పోతే లాభం లేదు. పదివేలల్లో ఒక్క ప్యాకెట్ పోయినా మామూలు టీసీపీ ఈ దూరంలో పన్నెండు, పదమూడు ఎంబీ దగ్గర ఆగిపోతుంది. అందుకే లైను ఒప్పందంలో వేగం కన్నా ప్యాకెట్ లాస్ హామీ కోసం ఎక్కువ బేరమాడాం. ఎఫ్‌సీఐపీ పరికరాల్లో కనీస, గరిష్ఠ రేట్లు విడిగా పెట్టుకోవచ్చు, అవి సరిగ్గా పెట్టుకుంటే చాలా ఊరట.

ఇక మొదటి కాపీ. మా 60 టీబీని ఒక గిగాబిట్ లైను మీద, అంటే సెకనుకు 110 ఎంబీ చొప్పున, మొదటిసారి పంపాలంటే ఆగకుండా ఆరు రోజులకు పైగా పడుతుంది, ఆ లైను మీద వేరే ఏ పనీ నడవకపోతేనే. మేం దూరపు అర్రేను ముందు మా హాల్లోనే పెట్టి, దగ్గరి కేబుళ్ల మీద కాపీ పూర్తి చేసి, తర్వాత లారీలో పంపాం. అది ప్రయాణంలో ఉన్నంతసేపు మారిన ట్రాకులను (డిస్కులోని చిన్న భాగాలను) ఇక్కడి అర్రే బిట్‌మ్యాప్‌లో గుర్తుపెట్టుకుంది. అక్కడ లేచాక ఆ తేడా మాత్రమే వెళ్లింది. అందులో డిస్కులన్నీ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయని ముందే చూసుకున్నాం, ఎందుకంటే లారీలో పోయేది సంస్థ మొత్తం డేటా.

కన్సిస్టెన్సీ గ్రూపుల గురించి చెప్పకపోతే ఈ అనుభవానికి అర్థం లేదు. డేటాబేస్ డేటా ఒక లన్ మీద, లాగ్ ఇంకో లన్ మీద ఉంటాయి. భవనం ఒక్క క్షణంలో పోదు. ఒక రాక్ ముందు, ఒక లింకు ముందు, ఇంకొకటి అర నిమిషం తర్వాత పోతుంది. లాగ్ కాపీ ఆగిపోయి డేటా కాపీ మాత్రం సాగితే అవతల మిగిలేది ఏ క్షణానికీ చెందని డేటాబేస్, అది లేవదు. అందుకే ఒకదానికొకటి సంబంధం ఉన్న లన్‌లన్నీ ఒకే గ్రూపులో ఉండాలి, ఒకటి ఆగితే అన్నీ అదే క్షణంలో ఆగాలి. మా చెల్లింపుల డేటాబేస్, దానికి మెసేజ్‌లు అందించే క్యూ రెండూ వేర్వేరు గ్రూపుల్లో ఉండేలా మొదటి డిజైన్ వచ్చింది. రెండూ కలిపితేనే అర్థం ఉందని అప్లికేషన్ టీమ్ చెప్పాక ఒకటి చేశాం. ఈ సంగతి స్టోరేజ్ స్క్రీన్ మీద కనిపించదు, వాళ్లను అడిగితేనే తెలుస్తుంది.

ఇంకో ప్రశ్న కూడా వాళ్ల ముందే పెట్టాను. దగ్గరి కేంద్రానికి లింకులన్నీ పోతే రాతలు ఆపేయాలా, కాపీ లేకుండా కొనసాగించాలా? ఆపితే డేటా పోదు కానీ, లింకు తెగినందుకే మొత్తం పని ఆగుతుంది. కొనసాగిస్తే ఆ సమయంలో విపత్తు వస్తే అప్పటిదాకా చేరనిదంతా పోతుంది. చెల్లింపుల మేడమ్ రాత్రంతా ఆలోచించి, కొనసాగించమన్నారు, కానీ ఆ పరిస్థితి వచ్చిన నిమిషంలో తనకు ఫోన్ రావాలన్నారు. ఆ నంబరు ఇప్పటికీ మా రన్‌బుక్ (ఏమైతే ఏం చేయాలో రాసుకున్న పుస్తకం) మొదటి పేజీలో ఉంది. రెండు చోట్లూ ఒకేసారి ‘నేనే ప్రధానం’ అనుకోకుండా చూసే విట్‌నెస్ సర్వర్‌ను ఆ రెండింటిలో ఎక్కడా కాకుండా మూడో చోట, వేరే నెట్‌వర్క్ దారిలో పెట్టాం.

విపత్తు వచ్చినట్టు అనుకుని చేసిన డ్రిల్‌లో స్టోరేజ్ వంతు నిమిషాల్లో అయిపోయింది. గ్రూపును అవతలి కేంద్రం వైపు తిప్పాం, లన్‌లు రాయడానికి తెరుచుకున్నాయి. ఆ తర్వాతే అసలు ఆలస్యం. వర్చువల్ సర్వర్లు కాపీ డిస్కుల సిగ్నేచర్ (గుర్తింపు) చూసి ఇది స్నాప్‌షాట్, అంటే ఒక క్షణం నాటి నకలు, అని మౌంట్ చేయలేదు, ఆ గుర్తింపు మార్చే రీసిగ్నేచర్ చేయాల్సి వచ్చింది. ఒక అప్లికేషన్ కాన్ఫిగరేషన్‌లో ప్రధాన కేంద్రం ఐపీ అడ్రస్ నేరుగా రాసి ఉంది. ఒక సాఫ్ట్‌వేర్ లైసెన్సు పాత సర్వర్ గుర్తింపుకు కట్టి ఉంది. అన్నిటికన్నా పెద్దది: ఎన్‌క్రిప్షన్ తాళాల సర్వర్ ప్రధాన కేంద్రంలో మాత్రమే ఉంది. డ్రిల్ కోసం ప్రధాన కేంద్రం లింకులను నిజంగానే లాగేయించాను కాబట్టి బయటపడింది. లింకులు అలాగే ఉంచి కాగితం మీద డ్రిల్ చేసి ఉంటే తాళాలు అవతలి నుంచి వచ్చేసేవి, అంతా సవ్యంగా ఉందని రాసేసేవాళ్లం. ఇప్పుడు తాళాల సర్వర్ మూడు చోట్లా ఉంది.

కాపీ ఉంది కదా అని బ్యాకప్ తగ్గిద్దామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. దానికి గట్టిగా వద్దన్నాను. ఎవరైనా టేబుల్ చెరిపేస్తే, రాన్సమ్‌వేర్ ఫైళ్లను తినేస్తే, ఆ చెరుపు కూడా అంతే నమ్మకంగా మిల్లీసెకన్లలో అవతలికి చేరుతుంది. దూరపు కేంద్రంలో మార్చడానికి వీల్లేని స్నాప్‌షాట్‌లు విడిగా ఉంచాం, బ్యాకప్ యథాతథంగా నడుస్తోంది.

వెళ్లడం కన్నా తిరిగి రావడమే నాకు ఎక్కువ భయం. డ్రిల్ తర్వాత మార్పులను ఇటు తిప్పి పంపేటప్పుడు, ఆ రీసింక్ పూర్తయ్యేదాకా ఇటువైపు కాపీ వాడకానికి పనికిరాదు. ఎందుకంటే బ్లాకులు రాసిన వరుసలో రావు, మారిన ట్రాకుల వరుసలో వస్తాయి. ఆ మధ్యలో అటువైపు ఏదైనా అయితే చేతిలో సరైన కాపీ ఒక్కటీ ఉండదు. అందుకని రీసింక్ మొదలుపెట్టే ముందు ఇటువైపు చివరి మంచి స్థితికి స్నాప్‌షాట్ తీస్తాం, రీసింక్ ముగిసి డేటాబేస్ ఒకసారి తెరిచి చూశాకే దాన్ని చెరుపుతాం. ఆ రెండు పనులూ ఇప్పుడు స్క్రిప్టులోనే ఉన్నాయి. స్నాప్‌షాట్ తీసినట్టు అర్రే నుంచి జవాబు రాకపోతే స్క్రిప్టు ముందుకు కదలదు.